సౌదాద్: ఒక పోర్చుగీసు మాట, పలు ఇంగ్లీషు అర్థాలు

పోర్చుగీసు నవల నొకదానిని ఇంగ్లీషులో చదివే పాఠకుని స్థితి ఊహింపదగినది. మొదటి ప్రకరణంలో రేవు ఒడ్డున నిలబడిన స్త్రీ మనస్సులో ‘లాంగింగ్’ ఉన్నదని అతడు చదువుతాడు. కొంతదూరం పోయిన తరువాత ఒక వృద్ధుడు చిన్ననాటి పెరటిని తలచుకొన్నప్పుడు ‘నొస్టాల్జియా’ ఎదురవుతుంది. పరదేశంలో ఉన్న కొడుకు తల్లికి వ్రాసిన జాబు చివర ‘లవ్’ అనో ‘రిగార్డ్స్’ అనో ఉంటుంది. గతించిన పంతులుగారి పేరు ఊరివారి నోట వచ్చినప్పుడు దానికి ముందు ‘లేట్’ అనే మాట చేరుతుంది. అక్కకు దూరమైన చెల్లెలు అక్కను ‘మిస్’ అవుతుంది. పాఠకుడు ఈ అయిదింటిని అయిదు వేర్వేరు సంగతులుగా గ్రహించి ముందుకు సాగిపోతాడు. మూలంలో ఈ అయిదు చోట్లను ఉండదగినది ఒకే మాట, లేదా ఆ మాటనుండి పుట్టిన విశేషణం. ఆ మాట సౌదాద్. లిస్బన్ నగరంలో దాదాపు ఇట్లాగే పలుకుతారు. బ్రెజిల్‌లో సౌదాజి అంటారు.

అనువాదానికి లొంగని పదాల పట్టిక ఎవరు వ్రాసినా అందులో ఈ పదానికి మొదటి పీటలలో ఒకటి దక్కుతూ ఉంటుంది. కాని జరిగిన సంగతి దానికి విరుద్ధంగా ఉన్నది. ఈ మాట ఇంగ్లీషులోకి రాకపోవడం కాదు, లెక్కకు మించిన వేషాలలో వచ్చింది. ప్రతి అనువాదకుడును తన ముందున్న వాక్యానికి సరిపోయే మాట వేసినాడు. విడివిడిగా చూచినప్పుడు చాలవరకు సరిగానే వేసినాడు. పుస్తకాన్ని మొత్తంగా చూచినప్పుడు మాత్రం, మూలంలో పువ్వులను గ్రుచ్చిన దారం కనబడకుండా పోయింది. తెలుగువారికి ఈ విషయంతో పని ఉన్నది. పోర్చుగీసు రచనలు తెలుగు పాఠకునికి చాలవరకు ఇంగ్లీషు మీదుగానే అందుతున్నవి. ఇంగ్లీషులో అయిదు మాటలు చూచిన తెలుగు అనువాదకుడు, న్యాయంగానే, తెలుగులో అయిదు మాటలు వెదకుతాడు. అప్పుడు తెగిన దారం రెండవమారు తెగుతుంది. అది తెగినదని చెప్పేవారు కూడా ఉండరు.

ఈ పదానికి సాటి మరొక భాషలో లేదన్న మాట ఇటీవలిది కాదు. 1433 నుండి 1438 వరకు పోర్చుగల్ నేలిన దువార్త్ రాజు తన ‘లెయాల్ కొన్సెల్యేరు’ అనే గ్రంథంలో, దుఃఖము, సంతాపము, విసుగు మొదలైన చిత్తవృత్తులను వేరుచేసి చూపుతూ ఈ పదం దగ్గర ఆగినాడు. ఆనాటికి దాని రూపం సుయిదాద్. ఇది బుద్ధినుండి గాక హృదయంనుండి పుట్టేదని, ఒకప్పుడు సంతోషంతోను ఒకప్పుడు విచారంతోను కలిసి వస్తుందని, లాటిన్‌లో గాని తానెరిగిన మరి ఏ భాషలో గాని దీనికి దీటైన మాట లేదని ఆయన అభిప్రాయం. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. ఆ రాజు తల్లి ఫిలిప్పా ఇంగ్లండు రాజవంశపు ఆడపడుచు. జాన్ ఆఫ్ గాంట్ కుమార్తె. చాసర్ మహాకవికి ఆశ్రయమిచ్చిన ఇంట పుట్టినది. దువార్త్ అనే పేరు సైతం ఇంగ్లీషు ఎడ్వర్డుకు పోర్చుగీసు రూపమే. అంటే ఈ మాట పరభాషలకు అందదని మొట్టమొదట ప్రకటించినవాడు ఇంగ్లీషు తల్లి కన్న బిడ్డ.

ఓడప్రయాణాలు ఈ మాటను కన్నవని ఒక కథ లోకంలో బాగా వ్యాపించి ఉన్నది. భర్తలు సముద్రాలమీదికి పోయినారు, భార్యలు ఒడ్డున మిగిలినారు, ఆ ఎదురుచూపులో సౌదాద్ పుట్టినది అని ఆ కథ. వినడానికి సొంపుగా ఉంటుంది గాని కాలగణనకు నిలువదు. పోర్చుగీసువారు సముద్రం దాటి సేఊతా పట్టణాన్ని పట్టినది 1415లో. అంతకు నూరేండ్లకు పైబడి పూర్వం, 1279 నుండి 1325 వరకు ఏలిన దినీష్ రాజు తన ప్రేమగీతాలలో ‘సొయిదాద్’ అనే రూపాన్ని వాడినాడు. నౌకాయానం ఆ మాటకు కొత్త పని కల్పించినదేమో గాని పుట్టుకనివ్వలేదు. లాటిన్‌లో ఏకాంతమనే అర్థమిచ్చే ‘సొలితాతెమ్’ నుండి ఇది వచ్చినదని పండితులలో ఎక్కువమంది మతం. ఆ తరువాత ఆరోగ్యమని అర్థమిచ్చే ‘సఊద్’, క్షేమమడుగుట అని అర్థమిచ్చే ‘సౌదార్’ అనే మాటల పలుకుబడి దీనిపై సోకి, సొయిదాద్ కాస్తా సౌదాద్ అయినదంటారు. అదే లాటిన్ మాట స్పానిష్‌లో ‘సొలెదాద్’గా నిలిచి ఒంటరితనాన్నే ప్రధానంగా చెబుతున్నది. పోర్చుగీసులో ఒంటరితనం కుశలప్రశ్నతో కలిసిపోయింది. జాబుల చివర ఈ మాటను బహువచనంలో వ్రాసి సంతకం చేసే అలవాటుకు అర్థం ఇక్కడ దొరుకుతుంది.

నిర్వచనాలు తరువాత ఎన్నో వచ్చినవి. వాటిలో రెండింటిని తలచుకొంటే చాలును. 1606లో దువార్త్ నూనెష్ ద లియావ్ పోర్చుగీసు భాష పుట్టుకను గురించి వ్రాసిన గ్రంథంలో, ఒక వస్తువును తలచుకోవడమూ దానిని కోరుకోవడమూ కలిస్తే సౌదాద్ అన్నాడు. 1660లో ఫ్రన్సిష్కు మనుయెల్ ద మెలు ప్రేమను, ఎడబాటును దీనికి తలిదండ్రులుగా నిర్ణయించి, ఇది మనిషి బాధగా అనుభవించే మేలు, ఇష్టంగా భరించే కీడు అనే అర్థం వచ్చేటట్లు వ్రాసినాడు. మెలు వాక్యం సుందరమైనది. అందరూ ఎత్తి వ్రాస్తారు. అనువాదకునికి పనికివచ్చేది మాత్రం నూనెష్ ద లియావ్ చెప్పిన పొడి మాటయే. అందులో రెండు పాళ్లు స్పష్టంగా కనబడుతున్నవి: తలపు ఒకటి, కోరిక ఒకటి. ఇంగ్లీషు మాటలలో ప్రతిదియు ఈ రెండింటిలో ఒకదానిని పట్టుకొని రెండవదానిని జారవిడుస్తున్నది.

‘నొస్టాల్జియా’ సంగతి మొదట చూడవచ్చును. ఈ మాట ప్రాచీనమైన గ్రీకు పదంవలె కనబడినా గ్రీకులు దానిని ఎరుగరు. 1688లో బాసెల్ నగరంలో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఇల్లు విడిచిన స్విట్జర్లండువారికి పట్టే జబ్బుకు పేరు కావలసి, ఇంటికి మరలుట, బాధ అనే రెండు గ్రీకు మాటలను అతికి దీనిని తయారుచేసినాడు. జబ్బుకు మందు ఇంటికి పంపడం. ఆ వైద్యపు వాసన ఇప్పుడు పోయినా, గడిచిన కాలంవైపు తిరిగి చూడడం మాత్రం దానికి మిగిలింది. సౌదాద్‌కు ఒకే దిక్కు లేదు. నిన్న సాయంత్రం వీడ్కోలు చెప్పిన స్నేహితునిమీద ఈ ఉదయం సౌదాద్ కలుగవచ్చును. రేపు మళ్లీ కలుసుకొంటామని తెలిసి ఉండగానే కలుగవచ్చును. దానిని ‘నొస్టాల్జియా’ అంటే ఇంగ్లీషువాడు నవ్వుతాడు.

‘లాంగింగ్’ దీనికి ఎదురు వైపునుండి తప్పుతుంది. ఆ మాటలో దీర్ఘమనే అర్థం దాగి ఉన్నది. కాలం పొడుగై తోచడం దాని మూలభావం. కోరిక అందులో నిండుగా ఉన్నది గాని, కోరినది ఒకప్పుడు తనదై ఉండెనన్న నియమం లేదు. ఎన్నడూ చూడని నగరంమీద సైతం ‘లాంగింగ్’ ఉండవచ్చును. సౌదాద్‌ను అట్లా వాడే కవులు లేకపోలేదు; కాని వంటింటిలో, వీధిలో ఆ మాటకు ముందుగా ఒక పరిచయం కావాలి. రుచి చూచిన నాలుక, విన్న గొంతు, తిరిగిన వీధి.

‘మిస్’ అనే క్రియ వీటన్నిటికంటె సామాన్యమైనది. నేటి అనువాదాలలో ఎక్కువగా దొరికేదీ అదే. మాటలాడే సందర్భానికి అది చక్కగా అతుకుతుంది. తేడా వ్యాకరణంలో ఉన్నది. ఆ క్రియకు మొదటి అర్థం గురి తప్పడం. ఇంగ్లీషువాడు తన మనిషిని తలచుకొన్నప్పుడు తనకొక లోటును చెప్పుకొంటాడు. పోర్చుగీసువాడు ‘తేర్ సౌదాదిష్’ అంటాడు. సౌదాదులు కలిగి ఉండడమని దాని అర్థం. ఇల్లు ఉన్నట్లు, పొలం ఉన్నట్లు, అతనికి సౌదాదులు ఉన్నవి. ఒకడు లేమిని చెప్పుకొన్నాడు, ఒకడు కలిమిని చెప్పుకొన్నాడు. ఎడబాటు ఇద్దరికీ ఒకటే అయినా, దానిని చేత పట్టుకొనే తీరు వేరు. ఇంతటి భేదాన్ని నిఘంటువులో ఒక నామవాచకానికి ఎదురుగా మరొక నామవాచకాన్ని వ్రాసి చూపించడం అసాధ్యం. సౌదాద్ బ్రదికేది అది చేరిన క్రియలతో. సౌదాదులను ‘చంపడం’ అంటే చాలకాలానికి మనిషిని కలుసుకొనో, ఊరు చూచో, తినాలనుకొన్నది తినో తృప్తి పడడం. సౌదాదులను ‘విడిచిపోవడం’ అంటే పోయినవాడు ఉన్నవారికి తన తలపును మిగిల్చి పోవడం. సౌదాదులతో ‘చావడం’ అంటే ఆగలేకపోవడం. ఈ పలుకుబడులలో కవిత్వం పాలు తక్కువ. ఇవి ప్రతిరోజూ సంతలోను, దూరభాషిలోను వినబడే మాటలు. అనువాదానికి అందదన్న కీర్తి అంతా ఏకాకి అయిన నామవాచకానికి దక్కింది. క్రియలను పట్టించుకొన్నవారు తక్కువ.

1912లో ఆబ్రీ బెల్ అనే ఇంగ్లీషు పండితుడు ‘ఇన్ పోర్చుగల్’ అనే పుస్తకంలో ఇచ్చిన వివరణ ఇంగ్లీషువారిలో స్థిరపడిపోయినది. లేనిదానికోసం, బహుశః ఉండడానికి వీలులేనిదానికోసం, స్పష్టత లేకుండా నిరంతరం పడే ఆరాటంగా ఆయన దీనిని వర్ణించినాడు. ఇది తీవ్రమైన దుఃఖం కాదని, సోమరితనంతో కూడిన కలవరింత అని ముగించినాడు. బెల్ పోర్చుగీసు సాహిత్యాన్ని ప్రేమతో చదివినవాడు. ఆయన కృషిని చిన్నబుచ్చడం తగదు. అయినా ఆ ‘సోమరితనం’ పదంలో లేదు. ఎండ కాసే దక్షిణదేశాలమీదికి ఉత్తరదేశపు యాత్రికుడు వెంట తెచ్చుకొనే సామానులో ఉన్నది. తల్లి చేతి చేపలకూరమీద సౌదాదులు కలిగిన నావికుని కోరిక లేనిదానికోసం కాదు. ఆ తల్లి ఉన్నది, ఆ కూర ఉన్నది, పొయ్యి కూడా వెలుగుతూనే ఉన్నది. అతడే అక్కడ లేడు.

ఈ పొగమంచును అల్లినవాడు బెల్ ఒక్కడే అనడం అన్యాయం. పోర్చుగీసువారే చేతులు కలిపినారు. 1910లో రాచరికం కూలి గణతంత్రం వచ్చిన తరువాత, కొత్త రాజ్యానికొక ఆత్మ కావలసి వచ్చింది. పోర్తు నగరంనుండి వెలువడే ‘ఆ అగియ’ పత్రికలో తెషెయిర ద పష్కువాయిష్ అనే కవి ఆ ఆత్మ పేరు సౌదాద్ అని ప్రకటించినాడు. బెల్ పుస్తకం వెలువడిన 1912లోనే దానిని ఒక సిద్ధాంతంగా చేసి ఉపన్యసించినాడు. కోరిక అన్యమతపు వీనస్ దేవతదట, శోకం క్రైస్తవుల కన్యమరియదట; రెండూ ఒక్క పోర్చుగీసు రక్తంలోనే కలిసినవట. ఇట్టి సిద్ధాంతానికి అనువాదం శత్రువు. మాట మరొక భాషలోకి పోయిందంటే ఆత్మ కూడా పోయినట్లే గదా! ఆ పత్రికలోనే అంతోనియు సెర్జియు అనే హేతువాది పష్కువాయిష్‌ను ఎదిరించి వాదించినాడు. 1914లో కరోలీనా మికాయెలిస్ ద వష్కొన్సెలుష్ ‘ఆ సౌదాద్ పుర్తుగేజ’ అనే చిన్న గ్రంథంలో ఇంకా శాంతంగా విషయాన్ని తేల్చింది. ఆమె బెర్లిన్‌లో పుట్టి, పోర్చుగీసువారి కోడలై, కోయింబ్రా విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి నందిన విదుషి. ఇతర జాతులకు ఈ భావమే తెలియదనడం సరికాదని ఆమె చెప్పింది. జర్మన్‌లో ‘జేన్‌జుఖ్ట్’, కటలాన్‌లో ‘అన్యొరాన్స’ వంటి చుట్టపు మాటలను చూపింది. పరదేశంలో పుట్టినవారికి ఇట్టి విషయాలలో చూపు తేటగా ఉండడం కద్దు. ‘ఎంగిలి’కి ఇంగ్లీషులో మాట లేదని సభలలో చెప్పి చప్పట్లు పొందిన తెలుగువారికి పష్కువాయిష్‌మీద నవ్వే అధికారం ఎంత ఉన్నదో ఆలోచించుకోవలసిన విషయమే.

విశేషణం తెచ్చే చిక్కు వేరు. ‘సౌదోజు’ అనే విశేషణం రెండు వైపులకు తిరుగుతుంది. సౌదాద్ కలిగినవాడును సౌదోజు. ఎవరిమీద సౌదాద్ కలుగుతుందో ఆ మనిషియు సౌదోజు. అందుచేతనే గతించినవారి పేర్లకు ముందు ఆ మాట వస్తుంది. 1572లో అచ్చయిన ‘లుజీయదష్’ మూడవ ఆశ్వాసంలో, ఇనేష్ ద కష్త్రు వధను వర్ణించే ఘట్టంలో, మొండేగో నదీతీరపు పొలాలకు కామోయిష్ మహాకవి ఈ విశేషణాన్ని తగిలించినాడు. ఆమె ఆ పొలాలలో తిరుగుతూ తన హృదయంలోని పేరును కొండలకు, గడ్డిపరకలకు నేర్పుతున్నది, కొద్దికాలంలోనే చంపబడబోతున్నది. ఇంతకూ సౌదాద్ ఎవరిది? ఆ పొలాలదా? వాటిని చూచి బెంగపడే ఆమెదా? ఆమె పోయిన తరువాత ఆ పొలాలను తలచుకొనే జాతిదా? లేక 1553లో ఓడయెక్కి గోవా చేరి, 1570 దాక స్వదేశపు ముఖం చూడని కవిదా? పోర్చుగీసులో ఈ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు. ఇంగ్లీషులో చెప్పక తప్పదు. కోరే పొలాలో, కోరబడే పొలాలో, విలపించే పొలాలో, ఏదో ఒకటి కావాలి. 1655లో ఫాన్షా మొదలుకొని 1776లో మికిల్, 1880లో బర్టన్, 1997లో లాండెగ్ వైట్ దాక ఈ కావ్యాన్ని ఇంగ్లీషు చేసిన ప్రతివాడును ఇక్కడ ఒక తలుపు తెరవడానికి మిగిలినవి మూయవలసిన వాడే. ఇది వారి అసమర్థత కాదు. సంస్కృత సమాసాన్ని విడదీసేటప్పుడు వ్యాఖ్యాత పడే ఇరుకు ఇటువంటిదే. అతడికి మాత్రం ‘లేక’ అని వ్రాసి రెండవ విగ్రహవాక్యం చెప్పే వెసులుబాటు ఉన్నది, పద్యానువాదకునికి అది లేదు.

పాటలోకి వచ్చేసరికి అనువాదకునికి మరొక యజమాని కూడా ఉంటాడు: స్వరం. వినీసియస్ డి మొరాయిస్ సాహిత్యానికి ఆంతోనియో కార్లోస్ జోబిం కూర్చిన ‘షేగ డి సౌదాజి’ 1958లో వెలువడి, బోసా నోవా అనే బాణీకి తొలిపలుకైనది. పేరుకు ‘ఇక చాలును సౌదాద్’ అని అర్థం. విడిచిపోయిన స్త్రీకోసం పాడిన పాట అది. జాన్ హెండ్రిక్స్ ఇంగ్లీషులో దానికి ‘నో మోర్ బ్లూస్’ అని పేరు పెట్టినాడు. దీనిని చూచి కొందరు పెదవి విరిచినారు. నిజానికి ఇంతకంటె ధైర్యమైన అనువాదం సౌదాద్‌కు ఇంగ్లీషులో మరొకటి లేదు. హెండ్రిక్స్ నల్లజాతి అమెరికన్ గాయకుడు. ‘లాంగింగ్’ అనే పుస్తకాల మాటను వదలి, తన జాతి పాటల పేరును, వెనుక తరాల బానిసత్వపు బరువుతో సహా, ఆ చోటులో నిలిపినాడు. పోర్చుగీసు మాటకు చరిత్ర ఉన్నట్లే ఈ మాటకూ ఉన్నది. ఆశ్చర్యమేమంటే, పేరుతోపాటు కథ కూడా మారిపోయింది: మూలంలో స్త్రీ తిరిగి రావాలి, ఇంగ్లీషులో గాయకుడే ఇంటికి తిరిగిపోతున్నాడు. అనువాదకుడు మూలాన్ని విడిచినాడనవచ్చును. కాని మనిషిమీద సౌదాద్‌ను విడిచి ఇంటిమీద సౌదాద్‌కు పోయినాడు, అంటే ఆ మాట పొలిమేరలోనే తిరిగినాడు. మొదటి సగం మైనర్‌లో నడచి రెండవ సగం మేజర్‌లోకి మారే జోబిం వరుస మాత్రం రెండు భాషలలోను చెక్కుచెదరక నిలిచి, మెలు చెప్పిన మేలును కీడును మాటల సాయం లేకుండా పలుకుతున్నది.

‘బ్లూస్’ పోగొట్టినది ఒకటి ఉన్నది. దానికి ఎదుటి మనిషి అక్కరలేదు. కారణం లేకుండా కూడా అది మనసును కమ్ముతుంది. కేప్ వెర్దె ద్వీపాల క్రియోల్ భాషలో ఈ మాట ‘సొదాద్’ అయినది. 1992లో సెజారియా ఎవోరా గొంతులో ఆ పేరు గల పాట లోకమంతా తిరిగింది. అక్కడ సొదాద్‌కు కారణం ఖచ్చితంగా తెలుసును. వానలు లేక, కరవుకు తాళలేక, ఆ ద్వీపాలవారు సావో తొమే కోకో తోటలకు కట్టుబడి కూలీలుగా పోయినారు. ఆ దూరపు దారి నీకు చూపినదెవరని ఆ పాట అడుగుతుంది. దీనిని ఇంగ్లీషులో ‘మెలంకలీ’ అన్నవారు ఒక చరిత్రను వాతావరణంగా మార్చినారు. రంగూనుకు ఓడలెక్కిన కూలీల కుటుంబాలను ఎరిగిన శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలవారికి ఆ పాటకు వ్యాఖ్య అక్కరలేదు.

ఇంగ్లీషును దాటి తెలుగు దాక వచ్చిన తరువాత అనువాదకుడు ఏమి చేయాలి? పోర్చుగీసువారి నుండి తెలుగువారు మాటలు తీసుకోకపోలేదు. మేస్త్రి, పాదిరి, అల్మారా, పీపా, అనాస అన్నీ ఆ ఓడలు దించినవే. కాని అవన్నీ చేతికి తగిలేవి. మనసుకు తగిలే మాట ఒక్కటి కూడా ఆ సరకులలో దిగలేదు. సంస్కృతాలంకారికుల పెట్టె తెరచిన అనువాదకుని చేతికి మొదట వచ్చేది ‘విరహం’. అది ఇక్కడ అన్నిటికంటె చెరుపు చేసే మాట. అది వచ్చిందంటే చందనం, వెన్నెల, చిలుక వరుసగా వస్తాయి. కొడుకు జాబులోని సౌదాద్ అపహాస్యమవుతుంది. ‘ఔత్సుక్యం’ ఆలస్యాన్ని సహింపలేని భావమని లక్షణకర్తలు చెప్పినారు. సౌదాద్ ఏండ్ల తరబడి ఆలస్యంమీదనే బ్రదుకుతుంది. స్మృతిని, ఔత్సుక్యాన్ని కలిపి భావసంధిగా చూచినట్లయితే నూనెష్ ద లియావ్ నిర్వచనం అచ్చంగా సంస్కృతంలో చెప్పినట్లే అవుతుంది. శాకుంతలం అయిదవ అంకంలో, హంసపదిక పాట విన్న దుష్యంతునికి, ప్రియజనానికి ఎడమై ఉండకపోయినా ఎందుకో తెలియని ఆరాటం పుడుతుంది. దానిని అభినవగుప్తుడు సైతం ఉదాహరించినాడు. బెల్ వర్ణించిన సౌదాద్‌కు దానికంటె చక్కని లక్ష్యం పోర్చుగీసులోనే దొరకడం కష్టం. హిమాలయంలో చిక్కుకొన్న ప్రవరుని ఆరాటం మాత్రం ఈ జాతిది కాదు. అతడు ఇంటికంటె ఎక్కువగా అగ్నిహోత్రాన్ని తలచుకొన్నాడు.

లక్షణం కుదిరినంతమాత్రాన వాక్యం కుదరదు. ‘తల్లిమీద భావసంధి కలిగింది’ అని ఏ పిల్లవాడూ అనడు. అనేది ‘బెంగ’. తల్లిమీద బెంగ, పుట్టింటి బెంగ, ఊరిమీద బెంగ. ప్రాచీన ప్రయోగాలలో బెంగటిల్లడానికి భయపడడమనే అర్థమూ ఉన్నది. వాడుకలో ఆ భయం కరగి తలపు, కోరిక మిగిలినవి. అన్నిటికంటె ముఖ్యం, ఈ మాటకు సౌదాద్‌కు ఉన్నటువంటి క్రియలు ఉన్నవి. బెంగ పెట్టుకొంటారు, బెంగపడతారు, బెంగతో చిక్కిపోతారు. మనిషిని చూచి బెంగ తీర్చుకొంటారు. పోర్చుగీసువాడు చంపేదానిని తెలుగువాడు తీర్చుకొంటాడు. ఆకలి తీరినట్లు, అప్పు తీరినట్లు. ఈ పలుకుబడి చేతిలో ఉండగా ఇంగ్లీషులోని ‘మిస్’ను చూచి ‘లోటుగా తోచినది’ అని వ్రాసే అనువాదకుడు ఇంటి బావిని వదలి ఏటికి పోయినవాడు. నేటి పట్టణాలలో కుర్రకారు ‘మిస్సవుతున్నాను’ అనే మాటకు అలవాటుపడినారు. బస్సు తప్పిపోయినా అదే, అమ్మ జ్ఞాపకం వచ్చినా అదే.

బెంగకు లేనివి కూడా చెప్పవలసి ఉన్నది. మెలు చెప్పిన తీపి అందులో తక్కువ. అది జ్వరానికి దగ్గర, పాటకు దూరం. మనుషులమీద, ఊళ్లమీద నిలిచినంత సహజంగా అది కాలంమీద నిలువదు. ‘చిన్నతనంమీద బెంగ’ అంటే వినేవాడు ఒక క్షణం ఆగుతాడు. పోయినవారి పేరుకు ముందు విశేషణంగా అది చేరనే చేరదు. ఈ ఇబ్బందులకు జంకి, ఒకచోట తలపు, ఒకచోట దిగులు, మరొకచోట స్మృతి అని చల్లుకొంటూ పోయిన అనువాదం నునుపుగా సాగుతుంది. కాని ఇంగ్లీషు చేసిన పనినే మళ్లీ చేస్తుంది. బెంగను ఒకటి రెండు చోట్ల కొంచెం సాగదీసి, పుస్తకమంతటా అదే మాటను నిలిపిన అనువాదం అక్కడక్కడ గరుకుగా ఉంటుంది. ఆ గరుకు మంచిది. మూడవమారు వినేసరికి పాఠకుని చెవి సర్దుకొంటుంది; రేవు ఒడ్డున నిలిచిన స్త్రీయు, పెరటిని తలచుకొన్న వృద్ధుడును ఒకే తాడుమీద ఉన్నారని అతనికి తెలుస్తుంది. పష్కువాయిష్ వంటి సిద్ధాంతకర్తల రచనలలో మాత్రం సౌదాద్‌ను సౌదాద్‌గానే ఉంచడం న్యాయం. ఆయన వాదమే ఆ మాట కదలదని; కదలించి చూపితే ఆయన ఏమన్నాడో తెలుగువారికి తెలియదు. ‘సౌదాద్’ అని పిలువబడే ఊదారంగు పువ్వు ఒకటి ఉన్నది. ఇంగ్లీషులో దానికి ‘మోర్నింగ్ బ్రైడ్’ అని, అంటే శోకవధువు అని పేరు. పువ్వు విషయంలో రెండు భాషలు దాదాపు ఏకమైనట్లే ఉన్నది. ఆ పువ్వు ఎదురైన అనువాదకుడు దానిని పువ్వు అనడం తప్ప చేయగలిగినది లేదు.

బ్రెజిల్ కవి గొన్సాల్విస్ డియస్ 1843లో కోయింబ్రాలో చదువుకొంటూ, స్వదేశాన్ని తలచుకొని ఒక చిన్న గేయం వ్రాసినాడు, పేరు ‘ప్రవాసగీతం’. కోయింబ్రా ఉన్నది మొండేగో ఒడ్డున. కామోయిష్ సౌదోజు అన్న పొలాలు ఆ ఊరివే. వాటి నడుమ కూర్చుండి, అవి చాలక, ఈ యువకుడు తన దేశపు తాటిచెట్లకోసం, వాటిపై పాడే పక్షికోసం తపించినాడు. ఆ గేయం బ్రెజిల్ పిల్లలందరికీ కంఠస్థం. అందులోని మాటలు కొన్ని ఆ దేశపు జాతీయగీతంలోకి ఎక్కినవి. సౌదాద్‌కు అంతకంటె పేరెన్నికగన్న పాట ఆ దేశంలో మరొకటి లేదంటారు. అందులో సౌదాద్ అనే మాట ఒక్కచోట కూడా లేదు. దానిని ఇంగ్లీషు చేసేవారు ‘లాంగింగ్’ అని వ్రాయాలా, ‘నొస్టాల్జియా’ అని వ్రాయాలా అని తర్కించుకోనక్కరలేదు. వారి చిక్కంతా ఆ పక్షితోనే. దాని పేరు ‘సబియా’. ఇంగ్లీషులో ‘థ్రష్’ అంటే ఇంగ్లండు పొదలలోని పిట్ట కళ్లముందు వాలుతుంది. తెలుగు చేసేవాడు కోకిల అని వ్రాయబోయి కలం ఆపుకోవలసి ఉంటుంది.